నౌపడ–గుణుపూర్ చిన్న రైలును అలాగే ఉంచాల్సిందా?

ఫైర్‌మ్యాన్ కొడుకు:
పాత చిన్న లైన్లన్నీ తీసేసి పెద్దవి వేయడం మంచిదే అయిందని, వాటి కోసం బెంగ పెట్టుకోవడం పనిలేనివాళ్ల పని అని మొన్న ఒకాయన నాతో అన్నారు. రెండ్రోజులుగా అది మనసులో మెదులుతూనే ఉంది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా నాన్న ఆ లైన్లోనే ఫైర్‌మ్యాన్, అంటే ఇంజన్లో బొగ్గు వేసే మనిషి. 1900లో పర్లాకిమిడి రాజావారు తన ఊరి నుంచి శ్రీకాకుళం జిల్లా నౌపడ దాకా వేయించిన లైను అది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. మొదట్లో నష్టాలు వచ్చినా మూసెయ్యలేదు. లాభాలు కనబడ్డాక 1931 నాటికి గుణుపూర్ దాకా పొడిగించారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. గిడుగు రామమూర్తి గారు ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయింది కూడా ఆ ఏడాదే. మా బండి మాత్రం ఎక్కడికీ పోలేదు. రోజూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, 2004 దాకా.

నాన్న ఖాకీ చొక్కాల నిండా ఆవగింజంత చిల్లులు ఉండేవి. నిప్పురవ్వలు పడినవి. అమ్మ ఒక్కో చిల్లూ కుట్టేది కాదు. మూడు నాలుగు దగ్గరగా పడితే లోపలి వైపు గుడ్డముక్క పెట్టి కుట్టేది. ఆయన కుడిచేతి మీద మోచేతి దాకా వెంట్రుక ఉండేది కాదు.

డార్జిలింగ్ బండిని యునెస్కో 1999లోనే ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఊటీ బండిని 2005లో గుర్తించింది. దానికి సరిగ్గా ఏడాది ముందు మన బండిని ఆపేశారు. మహేంద్రగిరి కొండలు, వంశధార ఒడ్డు మనకూ ఉన్నాయి కదా? అలాగే ఉంచాల్సింది అని నా మాట.

పాతపట్నం:
మీ నాన్నగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను మాస్టారూ, మీ మాటతో నేను ఏకీభవించను.

మాది చింతపండు వ్యాపారం. ఏజెన్సీ కొండల నుంచి సరుకు దిగాక చిన్న బండికి ఎక్కించేవాళ్లం. నౌపడలో మళ్లీ అంతా దింపాలి. మెయిన్ లైను అయిదున్నర అడుగులు, మనది రెండున్నర. ఇక్కడి పెట్టె అక్కడ నడవదు. ప్రతి మూటా మనిషి వీపు మీదే ఇటు నుంచి అటు మారాలి. ఎక్కించిన కూలీ ఒకసారి, దింపి ఎక్కించిన కూలీ ఇంకోసారి. వానాకాలంలో అయితే మూటలు మారేవరకూ మా నాన్నకు టెన్షనే. తడిస్తే ఆ చింతపండు ఎవరూ కొనరు. ఆ ఖర్చంతా చివరికి కొండ మీద చింతపండు ఏరిన సవర గిరిజనులకు ఇచ్చే ధరలోంచే కోసేవారు. నేను కళ్లారా చూశాను, ఇది ఎవరో చెప్పిన మాట కాదు.

2011లో పెద్ద లైను గుణుపూర్ చేరింది. ఇప్పుడు అక్కడ ఎక్కితే విశాఖలో దిగొచ్చు. పూరీకి నేరుగా బండి ఉంది. ముసలివాళ్లు నౌపడలో మూటాముల్లె పట్టుకుని బండి మారక్కర్లేదు. ఊటీ వెళ్లేవాళ్లు సరదాకి ఎక్కుతారు. మనవాళ్లు పొట్టకూటికి ఎక్కేవారు. రెండింటినీ ఒకే గాట కట్టకండి.

గ్యాంగ్‌మ్యాన్ మనవడు:
ఒక్క సంగతి. పెద్ద లైను వేసింది ఆ పాత దారిలోనే. రెండూ ఉంచాలంటే పక్కన ఇంకో దారికి భూమి కావాలి. టెక్కలి నుంచి పాతపట్నం దాకా పొలాలు ఎవరిస్తారు?

ద్రాక్షారామం:
మాది శ్రీకాకుళం కాదు గానీ నేనూ ఒక మాట చెప్పాలి. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వచ్చింది, 45 కిలోమీటర్లు. 1940లో యుద్ధం కోసమని పట్టాలు పీకి పట్టుకుపోయారు. చిన్నప్పుడు నానమ్మ నన్ను పొలానికి పంపుతూ "రైలు కట్ట మీదుగా వెళ్లరా, బురద ఉండదు" అనేది. పట్టా లేదు, స్లీపరు లేదు, కట్టకి ఆ పేరు మాత్రం మిగిలింది. ఆమె పోయేదాకా బండి రాలేదు. లోక్‌సభ స్పీకర్‌గా చేసిన బాలయోగి గారు పట్టుబట్టి తెచ్చిన లైను, ఆయనా చూడలేదు. మళ్లీ బండి తిరిగింది 2004లో.

మీ చిన్న బండి ఆగిన ఏడాదే మాకు బండి వచ్చింది. 64 ఏళ్లు ఎదురుచూసిన ఊరివాడిగా చెబుతున్నాను, రూపం మారినా మీ ఊరికి బండి వస్తోంది. అసలు రాకపోవడం ఎలా ఉంటుందో మీకు తెలియదు. తెలియకపోవడమే మంచిది.

ఫైర్‌మ్యాన్ కొడుకు:
అందరి మాటలూ చదివాను. పాతపట్నం అన్న చెప్పిన సవరవాళ్ల ధర సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ వైపు నుంచి చూస్తే పెద్ద లైను రావాల్సిందే. భూమి సంగతీ నిజమే. "అలాగే ఉంచాల్సింది" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బెంగ పనిలేనివాళ్లదన్న మాటను మాత్రం ఒప్పుకోను. ఇంజనుకి రంగేసి ఒక చోట నిలబెడితే చాలనుకుంటారు. దాన్ని నడిపిన పని ఏమవుతుంది? బొగ్గు ఒకేసారి కుమ్మరించకూడదు, కొంచెం కొంచెంగా పలచగా చల్లాలి, వెనక మూలలు ముందు నింపాలి, గొట్టంలోంచి నల్లటి పొగ వచ్చిందంటే బొగ్గు వృథా అవుతున్నట్టే. ఇదంతా నాన్న అన్నం తింటూ కంచంలో మెతుకులు జరిపి చూపించేవారు. ఆ లైన్లో బొగ్గు ఇంజన్లు 1992తో అయిపోయాయి. అప్పుడు పాతికేళ్లున్న కుర్రాడికి ఇప్పుడు అరవై దగ్గరపడుతోంది. వాళ్ల దగ్గర కూర్చుని రికార్డు చేసుకోవడానికి ఎవరి పొలమూ అక్కర్లేదు.

నా దగ్గర ఒక ఫొటో ఉంది. నాన్న, ఇంకో ఇద్దరు పర్లాకిమిడి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. ఎడమవైపు ఉన్నాయన పేరు అమ్మకు కూడా గుర్తు లేదు. రేపు స్కాన్ చేసి పెడతాను. గ్యాంగ్‌మ్యాన్ మనవడు గారూ, మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఒకసారి చూపించండి.