అత్తగారిల్లు పది నిమిషాల దూరంలో ఉండగా కోడలికి అద్దె ఫ్లాటా?

ఉప్పుగాలి:
మా అమ్మానాన్నలది సీతమ్మధారలో రెండు పడకగదుల ఫ్లాటు. మేమిద్దరం జర్మనీలో, ష్టుట్‌గార్ట్ దగ్గర ఉంటాం. మా ఆవిడ జర్మన్. వచ్చే డిసెంబరులో మూడు వారాలకు విశాఖ వస్తున్నాం. ఇది రెండో రాక. కిందటిసారి అన్ని రోజులూ ఇంట్లోనే ఉన్నాం. ఈసారి పగలంతా ఇంట్లో గడిపి, రాత్రి పడుకోవడానికి మాత్రం ఎం.వి.పి. కాలనీలో చిన్న ఫ్లాటు తీసుకుందామని మా ఆవిడ అడిగింది. నాకు తప్పనిపించలేదు. అమ్మకు ఫోనులో చెప్పాను. "మా ఇల్లు ఇరుకైపోయిందా?" అని ఒక్క మాట అని ఫోను నాన్న చేతికి ఇచ్చేసింది.

కిందటిసారి ఏం జరిగిందంటే, మాకిచ్చిన గదిలోనే ఇంటి బీరువా ఉంది. అమ్మ చీరలు, నాన్న రక్తపోటు మాత్రలు, గ్యాసు పుస్తకం, నాయనమ్మ శాలువా, అన్నీ అందులోనే. పొద్దున్న ఆరింటికి కుక్కరు కూత మొదలయ్యేసరికి ఎవరో ఒకరు తలుపు తోసుకుని వచ్చేవారు. దిగిన కొత్తలో మా ఆవిడ ఒంటికి అది రాత్రి ఒకటిన్నర. నాలుగో రోజు నుంచి లోపల గడియ పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు హాల్లోకి వినిపించేది. నాయనమ్మ ప్రతిసారీ తలెత్తి చూసేది. ఎవరూ ఏమీ అనలేదు. కానీ మర్నాటికల్లా నాన్న మాత్రల డబ్బా ఫ్రిజ్ మీదకు చేరింది.

ఇంత దగ్గరలో అత్తగారిల్లు పెట్టుకుని అద్దె ఇంట్లో పడుకోవడం తప్పా? మొహమాటం లేకుండా చెప్పండి.

గాజువాక అత్తగారు:
తప్పే బాబూ. డబ్బు దండగని అనడం లేదు. నీ సంపాదన నీ ఇష్టం. కానీ "కొడుకూ కోడలూ వచ్చారట, ఏరీ?" అని ఆ అపార్టుమెంటులో అడిగేవాళ్ళకు మీ అమ్మ ఏం చెప్పుకోవాలి? అదీ పోనీ. మూడేళ్ళకో నాలుగేళ్ళకో వచ్చే ఇరవై రోజుల్లో రాత్రులు తీసేస్తే మిగిలేదేమిటి? పగలు నువ్వు బ్యాంకు పనులనీ, స్నేహితులనీ తిరుగుతావు. నా కొడుకు సింగపూరు నుంచి వస్తే, వాడు నిజంగా చెప్పాల్సిన మాటలన్నీ రాత్రి నేను వంటిల్లు కడిగి వచ్చి కూర్చున్నాకే నోట్లోంచి వస్తాయి. వాడి ఉద్యోగం పోయిన సంగతి నాకు తెలిసింది రాత్రి పదకొండున్నరకు. ఎం.వి.పి. కాలనీలో పడుకునే కొడుకు ఆ వేళకు ఎక్కడ ఉంటాడు?

చోద్యం:
అమ్మా, ఒక్క ప్రశ్న. మీకు పెళ్ళైన కూతురు ఉందనుకోండి. విదేశంలో ఉంది. వాళ్ళ అత్తగారు వచ్చి ఆరు నెలలు ఉన్నారు. "మా గదిలోకి చెప్పకుండా వచ్చేస్తున్నారమ్మా" అని మీకు ఫోను చేస్తే ఏమంటారు?

గాజువాక అత్తగారు:
గడియ పెట్టుకోమంటాను. అది వేరు, ఇది వేరు.

చోద్యం:
ఎలా వేరో చెప్పలేదు. కూతురు పెట్టుకుంటే జాగ్రత్త, కోడలు పెట్టుకుంటే పొగరు. మా పినతల్లి ఇంట్లో నలభై ఏళ్ళుగా వింటున్న న్యాయమే ఇది.

లెక్కల మాస్టారు:
నాకు ఇందులో సంస్కృతి, సంప్రదాయం పెద్దగా కనబడటం లేదు. బీరువా కనబడుతోంది. నలుగురికీ రోజూ కావలసిన వస్తువులు ఒక జంట పడుకునే గదిలో ఉన్నాయి. తలుపు తెరిస్తే వాళ్ళకు కష్టం, మూస్తే వీళ్ళకు కష్టం. కోడలు జర్మనీ అమ్మాయి కాక విజయనగరం దగ్గరి జామి అమ్మాయి అయినా ఇదే తగవు వచ్చేది, కాకపోతే ఆ అమ్మాయి పైకి చెప్పలేకపోయేది. బీరువాను హాల్లోకి జరపండి. కూలి ఇద్దరు మనుషులకు, అరగంట.

ఉప్పుగాలి:
మాస్టారూ, నేనూ అదే అన్నాను. నాన్న ఒప్పుకోలేదు. బీరువా నైరుతి మూల ఉండాలి, తలుపులు ఉత్తరానికి తెరుచుకోవాలి. మా ఇంట్లో నైరుతి గది అంటే అదొక్కటే.

గాజువాక అత్తగారు:
ఆగు ఆగు. నైరుతి గది అంటే ఇంటి యజమాని పడుకునే గది కదా. మరి మీరున్నన్నాళ్ళూ మీ నాన్నగారు ఎక్కడ పడుకున్నారు?

ఉప్పుగాలి:
హాల్లో, దివాన్ మీద. అమ్మ పక్క గదిలో నాయనమ్మతో. నాన్నకు 71.

గాజువాక అత్తగారు:
ఇది మొదటే రాయవలసిన సంగతి కాదా? తన గది, తన మంచం మీకిచ్చి, మాత్రలకోసం ఆ తలుపు దగ్గరే నిలబడవలసి వచ్చింది ఆ పెద్దమనిషికి. మీరు చప్పుడు చేస్తూ గడియ పెట్టారు.

చోద్యం:
అయ్యో, మీరు నా పక్షాన వాదిస్తున్నారమ్మా. ఆయన నడుముకోసమైనా వీళ్ళు ఫ్లాటు తీసుకోవాలి!

ఒసాకా కోడలు:
నేను పెద్దవాల్తేరు పిల్లను. మా ఆయన జపనీయులు. అత్తగారిది ఒసాకా దగ్గర చిన్న ఊరు. ఏటా జనవరి ఒకటికి వెళ్తాం, అయిదు రోజులుంటాం. అక్కడ స్నానాల తొట్టిలో వేడినీళ్ళు ఒకసారి నింపితే ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు అందులోనే దిగుతారు. బయట చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళంతా కడుక్కున్నాకే తొట్టిలోకి. లేచాక చల్లారకుండా మూత వేసి రావాలి. మొదటి రాత్రి నన్ను ముందు వెళ్ళమన్నారు, అతిథిని కదా. కంఠం దాకా నీళ్ళలో హాయిగా కూర్చుని, లేచి, మన శుభ్రం కొద్దీ బిరడా లాగేశాను. తలుపు తీస్తే మామగారు భుజాన తువ్వాలుతో నిలబడి ఉన్నారు. వెనక గుడగుడమని నీళ్ళు పోతున్న చప్పుడు. ఆయన తలవంచి ఏదో మర్యాద మాట అని వెళ్ళిపోయారు. పొద్దున్న లేచేసరికి స్నానాలగది గోడకు మూత బొమ్మ గీసిన కాగితం అంటించి ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. మాకిచ్చే గదికి ఉండేవి పక్కకు జరిపే కాగితపు తలుపులు. గడియ పెట్టే వీలే లేదు. మా ఆయన దగ్గితే పక్క గదిలో అత్తగారు మంచినీళ్ళు కావాలా అని అడుగుతారు. అయినా ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ చెప్పకుండా ఆ తలుపు జరపలేదు. బయట మోకాళ్ళ మీద కూర్చుని పిలుస్తారు, మేం పలికాకే తెరుస్తారు. కనుక మీ ఇంట్లో బీరువా కన్నా ముందు ఆ పిలుపు కావాలనుకుంటాను. అద్దె ఇంటికి మాత్రం నా ఓటు లేదు. మూడో ఏడు నుంచి స్నానానికి నన్ను అందరికన్నా చివర పంపుతున్నారు, అత్తగారి తర్వాత. అప్పుడు ఎంత గర్వపడ్డానో చెప్పలేను. హోటల్లో దిగి ఉంటే ఇప్పటికీ నేనే మొదట వెళ్ళేదాన్ని.

దొండపర్తి:
మర్యాదల సంగతి మీరు తేల్చుకోండి, నాది వేరే మాట. ఆమె వీసా మీద వస్తుంటే, బస ఇచ్చినవాళ్ళు 24 గంటల్లోగా ఆమె వివరాలు ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు కార్యాలయానికి పంపాలి. సి ఫారం అని పిలవడం అలవాటు. అది హోటళ్ళకే అనుకుంటారు చాలామంది. ఇంట్లో దించుకున్నా పంపాలి. ఫ్లాటు తీసుకుంటే ఆ యజమాని పంపాలి. చాలామంది యజమానులకు ఈ సంగతే తెలియదు, తెలిసినవాళ్ళు ఈ తలనొప్పి మనకెందుకని విదేశీ పాస్‌పోర్టు చూడగానే వెనక్కి తగ్గుతారు. బయానా ఇచ్చే ముందే అడగండి. పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిండితే ఆమె ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రతిసారీ వీసా బాధ ఉండదు.

ఉప్పుగాలి:
దొండపర్తిగారూ, ఆ ముక్క నాకు తెలియదు. ధన్యవాదాలు. యజమానిని అడుగుతాను.

ఒసాకా కోడలు గారి బిరడా చదివాక నాదీ చెప్పాలనిపించింది. మొదటిసారి మా అత్తగారింట్లో సాయంత్రం ఆరున్నరకే భోజనం: రొట్టె, చీజు, ఊరబెట్టిన దోసకాయలు. ఇంకో ముక్క కావాలా అన్నారు. మొహమాటానికి వద్దన్నాను. అంతే, పళ్ళెం వెళ్ళిపోయింది. రెండో పిలుపు కోసం చూస్తూ కూర్చున్నాను, మామగారు లేచి దీపం తగ్గించారు. రాత్రి సూట్‌కేసులో అమ్మ పెట్టిన జంతికలు తీశాను. జంతికలు చప్పుడు కాకుండా తినాలంటే నోట్లో నానబెట్టాలని ఆ రాత్రే కనుక్కున్నాను.

మా ఆవిడకు విశాఖలో దీనికి తిరగబడి జరిగింది. ఆమె వద్దంటే వద్దనే. అమ్మ లెక్కలో అది మొదటి వద్దు. పనసపొట్టు కూర మూడుసార్లు పడింది విస్తట్లో. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఆమె గడియ పెట్టుకుని పడుకునేది అలకతో కాదు, ఆ భోజనం అరగక.

లెక్కల మాస్టారు:
ఈ ముక్క మీ అమ్మగారికి ఎప్పుడైనా చెప్పారా?

ఉప్పుగాలి:
లేదు. వంట బాగాలేదన్నట్టు వినిపిస్తుందని.

గాజువాక అత్తగారు:
చెప్పు నాయనా. అరగలేదంటే ఏ అత్తగారూ నొచ్చుకోదు, మర్నాడు మిరియాల చారు పెడుతుంది. చెప్పకుండా తలుపు మూస్తేనే నలభై రకాలుగా ఆలోచిస్తాం. అయినా నా మాట మారలేదు. అద్దె ఇల్లు తప్పు.

ఉప్పుగాలి (నాలుగు రోజుల తర్వాత):
ఆదివారం అమ్మతో గంటసేపు మాట్లాడాను. అరగని సంగతి చెప్పాను. చాలాసేపు నవ్వింది. తర్వాత, నాన్న దివాన్ మీద పడుకున్నందుకు నడుం పట్టేసి వారం రోజులు బాధపడ్డారని, మేం వెళ్ళిపోయాకగానీ ఆ మాట పైకి అనలేదని చెప్పింది. నేను ఏమీ మాట్లాడలేకపోయాను. కాసేపాగి అమ్మే అడిగింది: "ఆ ఫ్లాటులో వంటగది ఉందా?" ఉందన్నాను. "గ్యాసు పొయ్యేనా?" అవునన్నాను.

అయితే డిసెంబరు 15 లోపలే చేరిపోవాలట. ఆ తర్వాత ధనుర్మాసం వస్తుంది, కొత్త ఇంట్లో పాలు పొంగించకూడదు. మూడు వారాలైనా ఉండని అద్దె ఇంటికి పాలు పొంగించడమేమిటని అడిగితే, "పొయ్యి వెలిగించే ఇల్లు ఇల్లే" అంది. మేం దిగేది 12న. మొదటి రాత్రి మాత్రం సీతమ్మధారలోనే పడుకోవాలని షరతు. నాన్న పంచాంగం ముందేసుకుని కూర్చున్నారు. యజమాని సి ఫారం పంపడానికి ఒప్పుకున్నాడు.

మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. ఇక్కడ పొయ్యి మీద చుక్క పడితే వెంటనే తుడిచే మనిషి. పాలు కావాలనే పొంగి కిందకు కారాలని, కారుతుంటే అందరూ సంతోషంగా చూస్తూ నిలబడాలని జర్మన్‌లో ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను.