నాన్న ఎంఎం 540 జీపు, కింద అంతా తుప్పు. ముందు ఏది పట్టుకోవాలి?

రామంతాపూర్_540:
అందరికీ నమస్తే. మా నాన్నది 1991 మహీంద్రా ఎంఎం 540, డీజిల్, ఫోర్ బై ఫోర్. ఇంజన్ అదే పాత ప్యూజో, 2112 సీసీ, మార్చలేదు. నాన్న పోయాక గేటు పక్కన టార్పాలిన్ కింద అలాగే ఉండిపోయింది, 2020 అక్టోబరు హైదరాబాద్ వరదకి మా వీధిలో నీళ్ళు దాని సీటు దాకా వచ్చాయి, ఆ తర్వాత ఎవరమూ ముట్టుకోలేదు. మొన్న ఆదివారం డ్రైవర్ వైపు మ్యాట్ ఎత్తితే కింద రేకు అప్పడంలా విరిగి మ్యాట్‌తో పాటే వచ్చేసింది. ఆ కంతలోంచి చూస్తే నేల మీద చీమల బారు కనిపిస్తోంది.

ఒక షెడ్డాయన వచ్చి చూసి "జంగు గోకి లప్పం పెట్టి పెయింట్ కొట్టేస్తా, పది రోజుల్లో కొత్త బండి" అన్నాడు. ఇంకొకాయన ఈ బాడీ పారేసి హర్యానాలో డబ్వాలీ నుంచి రెడీమేడ్ బాడీ తెప్పించుకోమన్నాడు. అమ్మేమో స్క్రాప్‌కి ఇచ్చేయమంటుంది, మళ్ళీ గాలొస్తే తనే పోయి టార్పాలిన్ సర్దుతుంది. ముందు ఇంజన్ చూపించాలా, బాడీనా? ఆర్సీ గడువు కూడా ఎప్పుడో అయిపోయింది. నాకు పానా పట్టడం వచ్చు, వెల్డింగ్ రాదు.

పాత_ఇనుము:
తమ్ముడూ, ఆ పది రోజులాయనకి ఒక దండం పెట్టి పంపించెయ్. లప్పం తేమ పీలుస్తుంది, దాని వెనక తుప్పు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది, రెండు వానాకాలాలు గడిస్తే పెయింట్ పొక్కులు లేస్తాయి.

ఇంజనూ కాదు, బాడీ కూడా కాదు, ముందు చాసిస్, అంటే బండి బరువంతా మోసే కింది ఇనుప ఫ్రేము. పెద్ద స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి పట్టుకుని బండి కింద దూరు. కొడుతూ పోతే గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన చోట తడి చెక్క మీద కొట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది, అక్కడ స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. కమాన్ కట్టల (చక్రాల దగ్గరి పట్టీ స్ప్రింగుల) బ్రాకెట్ల చుట్టూ, బాడీ మౌంటు బోల్టుల కింద, క్రాస్ మెంబర్లు, అంటే చాసిస్ అడ్డ దూలాలు కలిసే చోట తప్పకుండా చూడాలి, బురద అక్కడే ఆగుతుంది. నా బండీ వరదలో మునిగిందే. రెండేళ్ళ తర్వాత స్క్రూడ్రైవరు దిగిన కంతలోంచి పిడికెడు ఒండ్రు రాలింది, అప్పటికీ చల్లగా, తడిగానే ఉంది. చాసిస్ నాలుగైదు చోట్ల మించి పోతే మాత్రం సెంటిమెంట్ పక్కన పెట్టి లెక్క చూసుకో.

రేకు పని ఏ షెడ్డుకిచ్చినా పక్కన నిలబడు. మెరిసే ఇనుము వచ్చేదాకా కోయాలి, కంత మేరకే అతుకు వేస్తే దాని అంచు మళ్ళీ తింటుంది. 18 గేజ్ సీఆర్ రేకు, అంటే 1.2 మిల్లీమీటర్లు, సీవోటూ వెల్డింగ్, అదే గ్యాస్ వదులుతూ సన్న తీగతో అతికేది. రాడ్ వెల్డింగ్ పెడితే పలచ రేకు కాలి కంత ఇంకా పెద్దదవుతుంది. ఒకే గీతగా లాగనివ్వకు, ఇక్కడో చుక్క అక్కడో చుక్క పెట్టుకుంటూ రావాలి, లేకపోతే వేడికి రేకు మెలి తిరుగుతుంది. చాసిస్‌కైతే 3 మిల్లీమీటర్ల ప్లేటు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైర్లు తీయించు, డీజిల్ ట్యాంకు దింపించు. ఖాళీ ట్యాంకే కదా అని దాని మీద వెల్డింగ్ పెట్టేవాళ్ళున్నారు, అసలు ప్రమాదం లోపలున్న ఆవిరితోనే.

తర్వాత తుప్పు పట్టకుండా ఎపాక్సీ ప్రైమరు, నీళ్ళు దూరకుండా అతుకుల మీద సీమ్ సీలెంటు, లోపలి బోలు భాగాల్లో వ్యాక్స్ స్ప్రే. ఫ్లోర్‌లో నీళ్ళు పోయే కంతలు ఉంటాయి, వాటిని మూసేయనివ్వకు. అందరూ మూసేస్తారు!

లో_గేర్:
అన్న చెప్పినదాంట్లో తొంభై పాళ్ళు కరెక్ట్. డబ్వాలీ బాడీని తీసిపారేయను, బాగా చేసేవాళ్ళూ ఉన్నారు, కానీ ఆకారం కొంచెం మారినా ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, ఆర్సీ రెన్యువల్‌కి పోయినప్పుడు ఇబ్బంది. నీ ఫ్లోర్, పక్క రేకులు మాత్రమే పోయుంటే ఉన్న బాడీనే నిలబెట్టుకో.

ఇంజన్ గురించి ఒకటే మాట, సెల్ఫ్ కొట్టొద్దు. ముందు ఇంజన్, గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే పెట్టె), రెండు యాక్సిళ్ళు, అన్నింటి ఆయిల్ తీసి చూడు. పాలెక్కువైన చాయ్ రంగులో ఉంటే నీళ్ళు చేరినట్టే. హీటర్ ప్లగ్గులు విప్పి ప్రతి సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి రెండు రోజులు వదిలెయ్, తర్వాత ఇంజన్‌ని పానాతో చేత్తో తిప్పు. తిరిగితే పాత డీజిల్ అంతా తీసి, ఫిల్టర్లు మార్చి, హ్యాండ్ ప్రైమర్‌తో, అదే చేత్తో కొట్టే డీజిల్ పంపుతో, లైనులో గాలి తీసి, అప్పుడు సెల్ఫ్. ఫోర్ వీల్ పడుతుందో లేదో తారు రోడ్డు మీద చూడకు, ముందూ వెనకా చక్రాలు ఒకదాన్నొకటి లాగి ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుంటుంది. మట్టిలో చూసుకో.

చాయ్_బ్రేక్:
భయ్యా, ఒక్క ముక్క. గ్రైండరు పట్టేలోపు చాసిస్ నంబరు ఎక్కడుందో చూసి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసి పెట్టుకో. ఆ చోట వైర్ బ్రష్ కూడా పెట్టనివ్వకు. మా కజిన్ బండికి వెల్డరు అత్యుత్సాహంతో అక్కడే గ్రైండర్ తిప్పాడు, ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ఢిల్లీలోలాగా పాత డీజిల్ బండ్లని ఆపేసే రూల్ మన దగ్గర లేదు. బండి ఫిట్‌గా ఉండి, పాత బండ్లకి వేసే గ్రీన్ ట్యాక్స్ కడితే ఆర్సీ అయిదేళ్ళకి రెన్యువల్ చేస్తారు.

రామంతాపూర్_540:
థ్యాంక్స్ అన్నా, అందరికీ. నిన్న సాయంత్రం కింద దూరాను. వెనక ఎడమ కమాన్ కట్ట బ్రాకెట్ దగ్గర స్క్రూడ్రైవరు పిడి దాకా దిగింది, ఎడమ వైపే ఇంకో చోట సగం దిగింది. మిగతా అంతా ఖంగుమంటోంది, రెండుసార్లు కొట్టి చూశాను. గేర్ బాక్సు ఆయిల్ చాయ్ రంగే, ఇంజన్ ఆయిల్ మాత్రం నల్లగా బాగానే ఉంది. నంబరు ప్రింట్ తీశాను, ఆఖరి అంకె 3నా 8నా తెలియక ఆర్సీ కోసం బీరువా అంతా వెతికితే అమ్మే తీసిచ్చింది, చీరల మడతల్లో పెట్టిందట.

ఆ బ్రాకెట్‌కి ప్లేటు వంచాలంటే రాణిగంజ్‌లో అవుతుందా, ఆటోనగర్ పోవాలా?