ట్రూప్ యూనిఫామ్ మీద ఏ ప్యాచ్ ఎక్కడ కుట్టాలి? పాత షర్ట్ నడుస్తుందా?

కొత్తట్రూప్‌అమ్మ:

అందరికీ నమస్తే అండీ. మావాడు ఇక్కడ అమెరికాలో కబ్ స్కౌట్స్ (చిన్నపిల్లల స్కౌటింగ్) పూర్తి చేసి ఈమధ్యే ట్రూప్‌లోకి (పెద్దపిల్లల దళం) వెళ్ళాడు, కబ్స్‌లో చివరి ర్యాంక్ యారో ఆఫ్ లైట్ కూడా వచ్చింది. త్వరలో కోర్ట్ ఆఫ్ ఆనర్ (ర్యాంకులు, బ్యాడ్జ్‌లు ఇచ్చే సభ) ఉంది, అందరూ ఫుల్ యూనిఫామ్‌లో రండి అని మెసేజ్ పెట్టారు. ఇక అక్కడ మొదలైంది నా తలనొప్పి.

మా ఫ్రెండ్ వాళ్ళ మరిది చిన్నప్పుడు వేసుకున్న ట్యాన్ షర్ట్ ఒకటి దాచి ఉంచారట, మావాడికి సరిగ్గా సరిపోయింది, గుడ్డ కూడా బాగానే ఉంది. కానీ దాని మీద బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా అని ఉంది, ఇప్పుడు పేరు స్కౌటింగ్ అమెరికా అయింది కదా, ఆ స్ట్రిప్ విప్పి కొత్తది కుట్టాలా? భుజం పట్టీలకి తొడిగే లూప్స్ ఎర్రవి ఉన్నాయి, మిగతా పిల్లలందరికీ గ్రీన్. ఒకరేమో ఏం పర్లేదు అంటారు, ఇంకొకరేమో అస్సలు కుదరదు అంటారు.

రెండోది, నెట్‌లో బొమ్మ చూస్తే కౌన్సిల్ (మన ప్రాంతపు స్కౌట్ విభాగం) ప్యాచ్ కుడి వైపు కనిపిస్తోంది, కింద మాత్రం లెఫ్ట్ స్లీవ్ అని రాసుంది. ఎవరి లెఫ్ట్ అండీ? కబ్స్‌లో వచ్చిన ప్యాచ్‌లన్నీ ఇక్కడికి మార్చుకోవచ్చా? వాడికి నీలం షర్ట్ మీదవి ఒక్కటి కూడా వదలాలని లేదు. క్యాంప్‌లో టోటిన్ చిప్ (కత్తి, గొడ్డలి వాడే అర్హత) అని జేబు మూత ఆకారంలో ప్యాచ్ ఇచ్చారు, అచ్చం ఫ్లాప్ సైజే ఉంది కాబట్టి అక్కడే కుట్టాలేమో అనుకుంటున్నా. కుట్టేముందు ఒకసారి కనుక్కుందామని అడుగుతున్నా, ఎందుకంటే విప్పితే గుడ్డ మీద చిల్లులు అలాగే ఉండిపోతాయి.

సూదిదారం:

ముందు లెఫ్ట్ సంగతి తేల్చేద్దాం, సగం కన్‌ఫ్యూజన్ దానివల్లే. ఎప్పుడైనా వేసుకున్నవాళ్ళ లెఫ్టే. బొమ్మ మనకి ఎదురుగా నిలబడి ఉంటుంది కాబట్టి తిరగేసి కనిపిస్తుంది. షర్ట్‌ని టేబుల్ మీద పరిచి కుట్టేటప్పుడు కూడా ఇదే తిప్పలు, అందుకే ముందు పిల్లాడికి వేసి చాక్‌తో గుర్తు పెట్టుకోండి, లేదా ఏ చెయ్యి ఏదో కాగితం మీద రాసి షర్ట్‌కి పిన్ను పెట్టండి.

ఇప్పుడు లెఫ్ట్ స్లీవ్: కౌన్సిల్ ప్యాచ్ భుజం కుట్టుకి ఆనుకుని పైన, దాని కింద ట్రూప్ నంబర్ ఖాళీ లేకుండా తగులుతూ, నంబర్ కింద పొజిషన్ (పదవి) ప్యాచ్, అంటే పేట్రల్ (ట్రూప్‌లో చిన్న జట్టు) లీడరో స్క్రైబో (రాతపని చూసేవాడు) ఏదైనా ఉంటే. మొదట్లో ఏమీ ఉండదు కాబట్టి ఆ చోటు ఖాళీగా వదిలేయండి. రైట్ స్లీవ్ మీద పైన జెండా, దాని కింద పేట్రల్ ఎంబ్లమ్. కబ్స్‌లో డెన్ (అక్కడి చిన్న జట్టు) నంబర్ ఉండేది కదా, ఆ చోటులోకి ఇప్పుడు పేట్రల్ వచ్చిందనుకోండి. లెఫ్ట్ జేబు పైన ఊదారంగు గుండ్రటి వరల్డ్ క్రెస్ట్ (ప్రపంచ స్కౌటింగ్ గుర్తు), ఇది జేబుకి అడ్డంగా చూస్తే మధ్యలోకి, నిలువుగా చూస్తే భుజం కుట్టుకీ జేబు పై అంచుకీ మధ్యలోకి రావాలి. చాలామంది దీన్ని జేబుకి మరీ దగ్గరగా కుట్టేస్తారు, తర్వాత జేబు పైన నాట్‌లు (ముడి బొమ్మ ఉన్న అవార్డు ప్యాచ్‌లు), సర్వీస్ స్టార్‌లు (ఎన్నేళ్ళు స్కౌట్స్‌లో ఉన్నాడో చెప్పేవి) పెట్టాల్సి వచ్చినప్పుడు చోటు చాలదు. రైట్ జేబు పైన సంస్థ పేరు స్ట్రిప్, నేమ్ ట్యాగ్ పెట్టుకుంటే అది.

కబ్స్ ప్యాచ్‌లు అంటే, బాధే కానీ దాదాపు అన్నీ ఆ నీలం షర్ట్ మీదే ఉండిపోతాయి. యారో ఆఫ్ లైట్ ప్యాచ్ మాత్రం తప్పకుండా వస్తుంది, లెఫ్ట్ జేబు కింద మధ్యలో. మత సంబంధమైన ఎంబ్లమ్ ఏదైనా తెచ్చుకుని ఉంటే ఆ ఊదా, వెండి రంగు నాట్ కూడా లెఫ్ట్ జేబు పైకి వస్తుంది. సర్వీస్ స్టార్‌లు కూడా ఉంచుకోవచ్చు, కబ్స్ ఏళ్ళకి పసుపు వెనకాల, ట్రూప్ ఏళ్ళకి గ్రీన్. నీలం షర్ట్‌ని మాత్రం ప్యాచ్‌లు విప్పకుండా అలాగే దాచండి, వాడే పెద్దయ్యాక అడుగుతాడు.

ఖాకీఅంకుల్:

టోటిన్ చిప్ ఫ్లాప్ మీద కుట్టొద్దు!! దయచేసి. ప్రతి ఏడాదీ కొత్తగా వచ్చిన పిల్లల్లో కనీసం ఒకడైనా దాంతోనే వస్తాడు. తప్పు వాళ్ళది కాదు లెండి, ఆ ప్యాచ్‌ని జేబు మూత ఆకారంలో తయారు చేసి అమ్మితే ఎవరైనా అక్కడే కుడతారు. కానీ రైట్ జేబు ఫ్లాప్ ఆర్డర్ ఆఫ్ ది యారో (తోటి స్కౌట్‌లు ఎన్నుకుంటే చేరే గౌరవ సంఘం) వాళ్ళ లాడ్జ్, అంటే స్థానిక శాఖ, ఫ్లాప్‌కి మాత్రమే. టోటిన్ చిప్, ఫైర్‌మన్ చిట్ (నిప్పు వాడే అర్హత) రెండూ టెంపరరీ ప్యాచ్ లెక్కలోకే వస్తాయి, అసలు వాటికి విలువ వెంట ఉంచుకునే కార్డులో ఉంటుంది, కత్తి గొడ్డలి ముట్టుకునేముందు చూపించాల్సింది ఆ కార్డే.

టెంపరరీ ప్యాచ్‌ల రూల్ కూడా చెప్పేస్తా, క్యాంప్‌లకి వెళ్ళేకొద్దీ పెరిగిపోతాయి అవి. రైట్ జేబు మీద ఒక్కసారికి ఒక్కటే. ఒక్కటే అంటే ఒక్కటే, పక్కపక్కన రెండు కాదు. కుట్టనక్కర్లేదు, ప్లాస్టిక్ హోల్డర్‌లో పెట్టి జేబు గుండీకి వేలాడదీస్తే సరిపోతుంది, తర్వాతి క్యాంప్‌కి మార్చుకోవచ్చు. మిగతావి మెరిట్ బ్యాడ్జ్ శాష్ (ఒక్కో విషయం నేర్చుకుంటే వచ్చే బ్యాడ్జ్‌లు కుట్టుకునే పట్టీ) వెనకవైపు కుట్టుకోవచ్చు, లేదా విడిగా ఒక దుప్పటి మీద.

శాష్ కుడి భుజం మీంచి వేసుకోవాలి, బెల్ట్‌కి మడిచి వేలాడదీయకూడదు. అది ఫార్మల్ సందర్భాలకి, మామూలు మీటింగ్‌కి అవసరం లేదు. ఫుల్ స్లీవ్ షర్ట్ అయితే ఆరు మెరిట్ బ్యాడ్జ్‌ల దాకా కుడి చేతి మణికట్టు దగ్గర కుట్టుకోవచ్చు, ఇది చాలామంది వాడుకోరు.

ఇవన్నీ గైడ్ టు అవార్డ్స్ అండ్ ఇన్‌సిగ్నియా అని అఫీషియల్ పుస్తకంలో ఉంటాయి, ఆన్‌లైన్‌లో ఫ్రీ. ఇన్‌స్పెక్షన్ షీట్ కూడా ఉంటుంది, ఒక పేజీ, బొమ్మతో సహా. వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో ఏదో అన్నారని కాకుండా అది ప్రింట్ తీసుకోండి.

వారాంతంనాన్న:

అంకుల్ గారు చెప్పినవన్నీ కరెక్టే కానీ కొత్తగా వచ్చినవాళ్ళు భయపడకండి, ప్యాచ్ అరంగుళం పక్కకి పోయిందని ఎవరూ ఇంటికి పంపరు, అసలు యూనిఫామ్ లేకపోయినా పిల్లాణ్ణి స్కౌట్స్‌లో చేరకుండా ఆపకూడదు.

పాత షర్ట్ గురించి ఏం పర్లేదు అన్నవాళ్ళు చెప్పినదే నిజం. ఒకప్పుడు అఫీషియల్ అయిన యూనిఫామ్, మంచి కండిషన్‌లో ఉంటే, ఎప్పటికీ అఫీషియలే. పేరు మారింది 2025 ఫిబ్రవరి 8న, సంస్థకి 115 ఏళ్ళు నిండిన రోజు. ఆ రోజుకి ముందు కొన్న షర్ట్‌లన్నిటి మీదా పాత పేరే ఉంటుంది, లక్షలమంది అవే వేసుకుంటున్నారు, విప్పి కొత్త స్ట్రిప్ కుట్టాల్సిన పని లేదు. ఎర్ర లూప్స్ 2008లో గ్రీన్ అయ్యాయి, అప్పుడే ఎర్ర నంబర్లు కూడా ఆకుపచ్చవి అయ్యాయి. కాబట్టి మీ షర్ట్ వయసు మీ పిల్లాడి కంటే ఎక్కువ అన్నమాట, పారేయకండి.

కాకపోతే నేనైతే లూప్స్ మార్చేస్తా. రూల్ కోసం కాదు, పదకొండేళ్ళ పిల్లాడు గుంపులో వేరేగా కనపడ్డానికి ఇష్టపడడు, లూప్ అంటే భుజం పట్టీ లోంచి లాగి ఇంకోటి తొడగడమే కదా, కుట్టు కూడా ఉండదు. ఎర్రవే కావాలని వాడు అంటే మటుకు అలాగే ఉంచండి, పాత షర్ట్ అంటే కొంతమంది పిల్లలకి భలే గర్వం.

ఖాకీఅంకుల్:

నేను భయపెట్టట్లేదండీ. ఇంటికి పంపమనీ అనలేదు. ఒక్కటే నా పాయింట్, సంపాదించుకున్న ప్యాచ్‌కీ ఊరికే ఇచ్చిన ప్యాచ్‌కీ తేడా కనపడాలి. ఎవడైనా లాడ్జ్ ఫ్లాప్ కోసం ట్రూప్‌లో ఓట్లు పడి ఎన్నికై, ఆర్డీల్ (ఆ సంఘంలో చేరడానికి చేయాల్సిన పరీక్ష) చేసి వచ్చాడనుకోండి, పక్కనవాడు అదే చోట ఇంకేదో కుట్టుకుంటే వాడికి ఎలా ఉంటుంది? ఆ ఒక్క చోటు విషయంలో మాత్రం నేను తగ్గను.

కొత్తట్రూప్‌అమ్మ:

చాలా థాంక్స్ అందరికీ, టోటిన్ చిప్ పక్కన పెట్టేశా, అంకుల్ గారూ ఇక టెన్షన్ పడకండి :)

ఇంకో రెండు డౌట్‌లు. ఒకటి, ర్యాంక్ బ్యాడ్జ్‌లు. కబ్స్‌లో ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోయాం కదా, ఇక్కడ లెఫ్ట్ జేబు మీద చూస్తే ఒక్క కోడిగుడ్డు ఆకారంలో ఉన్నది తప్ప చోటే లేదు, ఏడు ర్యాంకులు ఎలా పడతాయి? రెండోది, ఈ షర్ట్ మీద జెండా చుక్కలు వెనక్కి ఉన్నాయి. మా బ్రదర్-ఇన్-లా ఆర్మీ వాళ్ళ యూనిఫామ్ ఫొటో చూపించి, కుడి చేతి మీద చుక్కలు ముందుకి ఉండాలి, ఇది తప్పు కుట్టారు విప్పెయ్ అంటున్నాడు. విప్పనా?

సూదిదారం:

విప్పకండి!! ఆర్మీ వాళ్ళది తిరగేసిన జెండా, సైనికుడు ముందుకి నడుస్తుంటే జెండా గాలికి ఎగిరినట్టు కనపడాలని వాళ్ళ పద్ధతి. స్కౌట్ షర్ట్ మీద మామూలు జెండానే, చూసేవాళ్ళకి చుక్కలు ఎడమ వైపు పైన కనపడాలి, కుడి చేతి మీద అలా కుడితే చుక్కలు వీపు వైపుకే వస్తాయి. మీ షర్ట్ మీద ఉన్నది కరెక్ట్.

ర్యాంకులు పేర్చరు, మారుస్తారు. స్కౌట్, టెండర్‌ఫుట్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్, స్టార్, లైఫ్, ఈగల్, ఏది వస్తే అదొక్కటే జేబు మధ్యలో, పాతది తీసేయాలి. అందుకే ఆ ప్యాచ్‌ని గట్టిగా మెషీన్ కుట్టు వేయకండి, మొదటి నాలుగూ ఒక్కోసారి చకచకా వచ్చేస్తాయి. చేత్తో చుట్టూ వదులు వదులుగా కుట్టండి చాలు. ఇంకో ముఖ్యమైన విషయం, సూది జేబు పై పొరలోకి మాత్రమే వెళ్ళాలి, షర్ట్ దాకా వెళ్తే జేబు మూసుకుపోతుంది, లోపల ఒక అట్టముక్క పెట్టుకుని కుడితే ఆ గొడవ ఉండదు.

కౌన్సిల్ ప్యాచ్, జెండా, వరల్డ్ క్రెస్ట్ మాత్రం మెషీన్ మీద వేసేయండి, అవి ఏళ్ళ తరబడి ఉంటాయి. దారం రంగు షర్ట్‌కి కాదు, ప్యాచ్ అంచుకి మ్యాచ్ అవ్వాలి, అప్పుడు కుట్టు వంకర పోయినా కనపడదు. పొజిషన్ ప్యాచ్ ఆరు నెలలకో ఏడాదికో మారుతుంది కాబట్టి వెల్‌క్రో పెట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ అదే చేస్తా. జిగురు షీట్లు కూడా దొరుకుతాయి, కుట్టక్కర్లేదు అని, అంటించడం సుఖమే కానీ పీకాక గుడ్డ మీద జిడ్డు ఉండిపోతుంది, మారే ప్యాచ్‌లకి అస్సలు వద్దు.

వారాంతంనాన్న:

వరల్డ్ క్రెస్ట్ చుట్టూ రింగ్ లాంటి ప్యాచ్ కొంతమందికి ఉంటుంది, మెసెంజర్స్ ఆఫ్ పీస్ అని, సేవా ప్రాజెక్ట్‌లు చేస్తే ఇస్తారు. ముందుముందు అది వచ్చే ఛాన్స్ ఉంది కాబట్టి క్రెస్ట్ చుట్టూ కాస్త చోటు వదిలి కుట్టండి.

కొత్తట్రూప్‌అమ్మ:

అమ్మయ్య, జెండా బతికిపోయింది. ఈ రాత్రికే మొదలుపెడతా. చివరిగా నెకర్‌చీఫ్ (మెడకి కట్టుకునే గుడ్డ), కాలర్ పైనుంచా కిందనుంచా? కబ్స్‌ది ఇక వాడకూడదనుకుంటా?

ఖాకీఅంకుల్:

కబ్స్‌ది వద్దు. కాలర్ పైనా కిందా, ఏ రంగు, అసలు కట్టుకోవాలా వద్దా అన్నది ట్రూప్‌లో పిల్లలే నిర్ణయించుకుంటారు, అందరూ ఒకేలా ఉండాలి అంతే. మీరు స్కౌట్‌మాస్టర్‌కి మెసేజ్ పెట్టకండి, మీవాణ్ణే వాళ్ళ సీనియర్ పేట్రల్ లీడర్‌ని (పిల్లల్లో ట్రూప్ నాయకుడు) అడిగి రమ్మనండి. ట్రూప్‌లో మొదట అడగాల్సింది ఆ అబ్బాయినే.