తాగే మనిషిని పట్టుకుపోయి సెంటర్‌లో వేయడమా, మాట్లాడి ఒప్పించడమా?

దేవరకొండ చెల్లె:
మా అన్నకు 38 ఏళ్లు. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి. క్వార్టర్ పడితే గానీ చాయ్ గ్లాసు పట్టుకోలేడు. అది దొరకని రోజు కల్లు. అమ్మ తన తల మీద ఒట్టు వేయించుకుంది, వదిన రెండుసార్లు పుట్టింటికి పోయి వచ్చింది. పోయినేడు అయ్యప్ప మాల వేసి 41 రోజులు చుక్క ముట్టలేదు. మొదటి మూడు రాత్రులు నిద్రలేక, చెమటలు పట్టి, ఎవరో పిలుస్తున్నారని లేచి కూర్చునేవాడు. స్వామి పరీక్ష పెడుతున్నాడు అనుకున్నాం. మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలు.

ఇప్పుడు మా మామ, నలుగురం కలిసి కారులో వేసి మూడు నెలలు ఒక మందు మాన్పించే సెంటర్‌లో ఉంచుదాం అంటున్నాడు. నాకు భయంగా ఉంది. చేసి చూసినవాళ్లు చెప్పండి.

మిర్యాలగూడ మేస్త్రి:
చెల్లె, మీ మామ చెప్పింది చెయ్యి. మా తమ్ముణ్ని మేం అట్లనే తీసుకుపోయినం. తిట్టాడు, గేటు పట్టుకుని ఏడ్చాడు. ఇవాళ బతికి ఉన్నాడు, పనికి పోతున్నాడు. ఒప్పుకునేదాకా ఆగితే లివర్ ఆగుతదా? మత్తులో ఉన్నవాడికి మాటలు ఎక్కవు.

నల్గొండ కౌన్సెలర్:
మేస్త్రి గారూ, మీ తమ్ముడు నిలబడ్డందుకు సంతోషం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కుటుంబం ఆగలేదన్నది నిజమే. కానీ చెల్లెమ్మ రాసిన ఆ మూడు రాత్రుల గురించి ముందు చెప్పాలి.

ఏళ్ల తరబడి రోజూ తాగే శరీరానికి ఒక్కసారిగా మందు ఆపితే, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, వినిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం మొదలవ్వచ్చు. దీంతో చనిపోయేవాళ్లూ ఉన్నారు. మీ అన్న ఆ గండం దాటాడు, ప్రతిసారీ దాటుతాడని నమ్మకం లేదు. కల్లు కూడా తాగుతాడు కాబట్టి ఇంకో భయం. మన దగ్గర కల్తీ కల్లులో డైజిపామ్, అల్ప్రాజోలం అనే మత్తు మందులు కలుపుతారు. 2015లో పాలమూరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరుకు ఆగిపోయినప్పుడు, తాగి కాదు, తాగక మనుషులు ఫిట్స్‌తో, వింత మాటలతో ఆసుపత్రుల్లో చేరారు. అందుకే గదిలో వేసి తాళం పెట్టడం వైద్యం కాదు. డాక్టర్ ఉన్నచోట, మాత్రలతో, విటమిన్ బి1 ఇస్తూ తాగుడు మాన్పించాలి.

చట్టం సంగతి కూడా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు జబ్బుకూ వర్తిస్తుంది. మనిషి ఒప్పుకోకుండా చేర్చాలంటే తనకో ఇతరులకో ప్రమాదం ఉండాలి, లేదా తన బాగోగులు తాను చూసుకోలేని స్థితి ఉండాలి. ఒక సైకియాట్రిస్టు, మరో నిపుణుడు విడివిడిగా చూడాలి. మొదట 30 రోజుల వరకే. గొలుసులతో కట్టడం నిషేధం. మూడు నెలలు అని ముందే మాట్లాడుకునే సెంటర్‌ను నేను నమ్మను.

ఇక మాటల గురించి. "ఎందుకు తాగుతున్నావు, పిల్లల ముఖం చూడు" అనేది కౌన్సెలింగ్ కాదు. ఆ మాట ఆయన వందసార్లు విని ఉంటాడు, వందసార్లు జవాబు చెప్పి ఉంటాడు. మనం మానమని వాదిస్తే, ఆయన తాగడం వైపు వాదిస్తాడు. 1983లో విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఈ పద్ధతి గురించి రాశాడు: మానాలనే మాట ఆ మనిషి నోట రావాలి, మన పని అది వచ్చేలా అడగడం. నేను ఇట్లా అడుగుతాను: "మానాలని మీకు ఎంత ఉంది, సున్నా నుంచి పదిలో?" మూడు అంటే, "పది ఎందుకు కాదు" అనను. "సున్నా ఎందుకు కాదు?" అంటాను. అప్పుడు ఆయనే కారణాలు చెప్తాడు.

మిర్యాలగూడ మేస్త్రి:
మాటలు బాగున్నాయి సార్. బయటికి రాగానే బెల్టు షాపు ఉంటది కదా? అక్కడ ఆ మాటలు ఏం చేస్తాయి? మా తమ్ముడు సెంటర్ నుంచి వచ్చాక రెండుసార్లు జారాడు.

నల్గొండ కౌన్సెలర్:
ఆ రెండుసార్లు ఇంట్లో ఏమన్నారు అన్నదే అసలు విషయం. జారడం ఈ జబ్బులో మామూలే. "ఇంక నీ బతుకు ఇంతే" అంటే అక్కడే ఆగిపోతాడు. ఏ సాయంత్రం, ఎవరితో, కూలి డబ్బు చేతిలో పడ్డ రోజా అని కూర్చుని వెతికితే, ఆ దారి మార్చుకోవచ్చు.

అచ్చంపేట అక్క:
ఒక్క మాట. మా ఆయనకు ఎవరో ఇచ్చిన మాత్ర పొడి చేసి కూరలో కలిపాను. ఆ సాయంత్రం తాగి ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయింది. అది డైసల్ఫిరామ్ అని ఆసుపత్రిలో చెప్పారు. తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ చూపుతో వేసుకోవాల్సిన మందు అట. ఆపిన తర్వాత రెండు వారాల దాకా కూడా తాగితే పడదట. చెల్లె, ఎవరు చెప్పినా ఆ పని చేయకు. నేను ఆ రాత్రి విధవను కావాల్సింది.

ఆయన మానడానికి ముందు నేనే కౌన్సెలింగ్‌కు పోయాను. తాగి వచ్చినప్పుడు గొడవ పడకుండా ఉండడం, తాగని పూట కలిసి తినడం నేర్పారు.

నల్గొండ కౌన్సెలర్:
అక్కా, మీరు చెప్పింది పరీక్షించి చూసిన పద్ధతి. 1999లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇంటివాళ్లకు ఇలా నేర్పినప్పుడు ముందు చికిత్సే వద్దన్న తాగుబోతుల్లో 64 శాతం మంది చికిత్సకు వచ్చారు. అందరూ చుట్టూ కూర్చుని నిలదీసే పద్ధతిలో వచ్చింది 30 శాతమే. చెల్లెమ్మా, ఫోన్‌లో అడగాలంటే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉన్నాయి. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు.

దేవరకొండ చెల్లె:
నిన్న పొద్దున అన్న కొంచెం తేరుకున్నాక బావి దగ్గర అడిగాను. మూడు అన్నాడు. సున్నా ఎందుకు కాదన్నా అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చిన్నది నా పక్కన పడుకుంటలేదు" అన్నాడు. నేనేం చెప్పలేదు, పక్కన కూర్చున్నాను. మాల నాడు ఆ మూడు రాత్రులు తనకూ భయమేసిందట, ఎవరికీ చెప్పలేదట.

సోమవారం నల్గొండ పెద్దాసుపత్రికి పోతున్నాం. అప్పటిదాకా ఒక్కసారిగా ఆపించొద్దని వదినకు చెప్పాను. మామ కారు తెస్తానన్నాడు. అన్న ముందు సీట్లో కూర్చుంటాడు.