ప్రాయశ్చిత్తం: చేయడమా, చేసుకోవడమా?

బైబిలు చదువుతూ లేవీయకాండము 4:20 దగ్గర ఆగిపోయాను. ‘యాజకుడు వారి నిమిత్తము ప్రాయశ్చిత్తము చేయగా వారికి క్షమాపణ కలుగును’ అని ఉంది. మనమైతే ప్రాయశ్చిత్తం ‘చేసుకుంటాం’. తప్పు ఎవరిదో ప్రాయశ్చిత్తమూ వారిదే. ఇక్కడ తప్పు ఒకరిది, చేసేది మరొకరు. అనువాదకులు ‘కొను’ మరిచిపోయారా, కావాలనే వదిలేశారా?

— మరిచిపోలేదండీ. హీబ్రూలో అక్కడున్న క్రియ ‘కిప్పేర్’, దాని కర్త యాజకుడే. మనుస్మృతి 11వ అధ్యాయం చూడండి: ఉపవాసం, జపం, చాంద్రాయణం (చంద్రకళలను బట్టి తిండి పెంచి తగ్గించే వ్రతం), అన్నీ దోషి ఒంటిమీదికే వస్తాయి. మాటను అక్కడినుంచి తెచ్చుకుని, ‘కొను’ మాత్రం తెచ్చుకోలేదు. ఇంత పెద్ద సిద్ధాంతభేదం ఒక్క అనుబంధ క్రియలో ఇమిడిపోవడం నాకైతే ముచ్చటగా ఉంది.

— ‘కిప్పేర్’ అంటే కప్పడమే కదా?

— కప్పడమని కొందరు, తుడిచివేయడమని కొందరు. పండితుల్లో ఆ తగవు తేలలేదు. (మన ‘కప్పు’తో చుట్టరికం కలపకండి, అది కాకతాళీయం.) ‘కప్పోరెత్’ ఆ ధాతువుదే. ఆజ్ఞల పలకలుంచిన పవిత్రమైన పెట్టె, అంటే మందసం మీది మేలిమి బంగారు మూత, రెండున్నర మూరల పొడవు, మూరెడున్నర వెడల్పు. మన బైబిలులో కరుణాపీఠం. ఏడాదికొకనాడు ప్రధానయాజకుడు దాని ఎదుట వేలితో ఏడుమార్లు రక్తం చిలకరించేవాడు. గ్రీకులో దాన్ని ‘హిలాస్తేరియోన్’ అన్నారు. కొత్త నిబంధనలో హెబ్రీయులకు రాసిన పత్రిక 9:5లో ఆ గ్రీకు మాటకు ‘కరుణాపీఠము’ అనే ఉంది. రోమీయులకు 3:25లో పౌలు అదే మాటను క్రీస్తుకు వాడితే తెలుగులో ‘కరుణాధారము’ అయింది. అర్థం చెడలేదు గానీ, ఆ బంగారు మూత కంటిముందునుంచి తొలగిపోయింది. ‘కరుణ’ ఒక్కటే ఆనవాలుగా మిగిలింది. నేనైతే పీఠాన్ని పీఠంగానే ఉంచేవాణ్ణి.

— మనిషిని పీఠం అంటే తెలుగులో ఎబ్బెట్టుగా ఉండదూ?

— ఉంటుంది. పౌలు మాట గ్రీకులోనూ అంత సాఫీగా ఏమీ లేదు.

— నా ప్రశ్న ఇంకా పూర్తి కాలేదు. హెబ్రీయులకు రాసిన పత్రికలో యాజకుడూ క్రీస్తే, బలీ క్రీస్తే. అప్పుడు ‘చేయు’నా, ‘చేసుకొను’నా?

— 7:27 చదవండి. పాత ప్రధానయాజకులు ముందు తమ పాపాలకు, తరువాత ప్రజల పాపాలకు బలి అర్పించాలి. మీ వ్యాకరణంలో చెప్పాలంటే ముందు చేసుకోవాలి, తరువాత చేయాలి. క్రీస్తుకు ఆ మొదటిది అక్కరలేదనే అక్కడి వాదమంతా.