సీమలో పిల్లలు తగ్గింది అభివృద్ధి వల్లనా, ఆపరేషన్ల వల్లనా?

బురుజు_నీడ (కర్నూలు):
నిన్న సాయంత్రం రాజ్‌విహార్ దగ్గర టీ తాగుతూ మొదలైన వాదన ఇది, తెగక ఇక్కడికి తెచ్చినాను. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పినోణ్ణి, కాబట్టి పాఠం మాదిరి ఉంటే ఓర్చుకోండి. ముందు చావులు తగ్గుతాయి, కాన్పులు తగ్గేదానికి ఇంకా కొంత కాలం పడుతుంది, ఆ మధ్యలోనే జనాభా ఉబ్బుతుంది. 1929లో థాంప్సన్, 1945లో నోట్‌స్టీన్ అనే అమెరికా జనాభా పండితులు చెప్పింది ఇదే. 1974లో బుకారెస్ట్‌లో జరిగిన ప్రపంచ జనాభా సభలో మన మంత్రి కరణ్ సింగ్ అభివృద్ధిని మించిన కుటుంబ నియంత్రణ లేదన్నాడు. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో తల్లికి సగటున 2.6 మంది పిల్లలు, 2019-21 నాటికి 1.7. చదువు, బస్సు, టీవీ చేసిన పని ఇది. కాదనేవాళ్లు చెప్పండి.

ఆదోని_రైతు:
నేను కాదంటా సార్. 1798లోనే ఇంగ్లండు పండితుడు మాల్థస్ చెప్పినాడు, జనం పెరిగినంత వేగంగా తిండి పెరగదని. 1876-78 నాటి ధాత కరువు మర్చిపోయినారా? 1871కీ 1881కీ మధ్య మన కర్నూలు జిల్లాలో నాలుగో వంతు జనం తగ్గిపోయినారు.

బురుజు_నీడ:
ఆ కరువు కాలంలోనే గోధుమలు ఓడలకెక్కించి ఇంగ్లండుకు పంపినారు నాయనా. కరువు పనిలో మనిషికి దినానికి పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు కరువు పనులు చూడను వచ్చిన టెంపుల్ దొర. తిండి లేక కాదు, పెట్టక సచ్చినారు. ఇంకో మాట. మాల్థస్ లెక్కలో జనం 25 ఏళ్లకోసారి రెట్టింపు కావాల. 1951లో మనం 36 కోట్లు. ఆ లెక్కన 2001కి 144 కోట్లు ఉండాల. ఉన్నది 102.

ఆదోని_రైతు:
అడ్డు లేకుంటే రెట్టింపు అన్నాడాయన. అడ్డు పడింది, 144 కాలేదు. దాంట్లో ఆయన తప్పేముంది? పాఠం చెప్పినోళ్లు మీరే సగం మాట మింగితే ఎట్ల? అయినా 102 కోట్లు తక్కువా?

బురుజు_నీడ:
తక్కువ అని నేనన్లా. 144 కాలేదంటున్నా.

ఆదోని_రైతు:
నేనూ అడ్డు లేకుంటే అంటున్నా.

కడప_కుర్రోడు:
అన్నా, టాపిక్ ఆపరేషన్లు. మీరింకా ధాత కరువు కాడే ఉండారు 😂

రాయచోటి_టు_కువైట్:
మా అన్నదమ్ములం ఐదుగురం, అందులో నలుగురం ఇక్కడే. మమ్మల్ని ఏ ఊరి జనాభాలో రాసినారో మాకే తెల్దు.

ఎర్రనేల_అక్క (అనంతపురం):
మాస్టారూ, ఆ అభివృద్ధి మా ఊరికి ఏ బస్సులో వచ్చిందో చెప్తారా? 1991 లెక్కల్లో రాష్ట్రంలో నూరు మంది ఆడోళ్లలో చదువొచ్చినోళ్లు 33 మందే. నేను ఆ 33లో లేను, తర్వాత నేర్చుకున్నా. పదిహేడుకే పెళ్లి. 1995లో, నాకు ఇరవై రెండేళ్లప్పుడు, క్యాంపులో వరసగా పండబెట్టి ఆపరేషన్ చేసినారు. కుట్లు చీము పట్టి రెండు నెల్లు నడుం ఎత్తలేదు. నర్సమ్మకు టార్గెట్, పాపం ఆమెను ఏమనాల. మరుసటేడే ఆ టార్గెట్లు ఎత్తేసినారంట. ఇంకో సంగతి, మీరు చెప్పిన ఆ 2019-21 సర్వేలోనే ఉంది: ఇక్కడ పెళ్లయిన ఆడోళ్లలో నూటికి సుమారు 70 మందికి ఆపరేషన్ అయింది. మగోళ్లలో నూటికి ఒక్కడు గూడా తేలడు. టీవీ చూసి ఆగినారా పిల్లలు?

బురుజు_నీడ:
అమ్మా, మీ కష్టం కాదనను. కానీ మనసులో లేకుంటే క్యాంపు పెట్టినా ఎవరూ పోరు. ఎమర్జెన్సీలో బలవంతం చేస్తే 1977లో ఏమైందో చూసినాం కదా. చిన్న కుటుంబం కావాలనే కోరిక ముందు పుట్టాల.

ఎర్రనేల_అక్క:
కోరిక పుట్టింది సార్, అది మీ పుస్తకంలో కోరిక కాదు. మాకు మూడెకరాల శనక్కాయ చేను, అదీ వానకే. ఇద్దరు కొడుకులు పుట్టంగానే మా అత్త లెక్కేసింది, ఇంకోడు పుడితే మనిషికి ఎకరానే అని. ఆమే నన్ను క్యాంపుకు తోలింది. బాగుపడి ఆపలేదు సార్, బతకలేక ఆపినాం.

ఆదోని_రైతు:
అక్క చెప్పింది నిజం. మా పక్క కోసిగి నుంచి మిరపకోతకు గుంటూరు సుగ్గికి పోయేటోళ్లను అడగండి, చంకలో ఇద్దరుంటేనే పని జరగదు.

బురుజు_నీడ:
మరి నీకు ముగ్గురెందుకు? ఇద్దరాడపిల్లల తర్వాత కొడుకు కోసమే కదా? వాదనేమో మాల్థస్‌ది, పనేమో మీ తాతది.

ఆదోని_రైతు:
ఇంటి మాట ఎత్తినారు కాబట్టి చెప్తా. అవును, కొడుకు కోసమే. ఆ మూడో బిడ్డను చూపించే 2013లో నా సర్పంచి నామినేషన్ కొట్టేసినారు, ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారని 1994 చట్టంలో రూలంట. 2024 నవంబర్లో అదే రూలును తీసేసి ఇప్పుడు ఎక్కువ కనమంటుండారు. పోయిన పదకొండేళ్లు ఎవరిస్తారు నాకు? మీకేం సార్, ఒక్క కూతురు, డాలస్‌లో ఉంది. పోయిన నెల మీకు జొరమొస్తే మాత్ర తెచ్చిచ్చింది నా మూడో బిడ్డే. అప్పుడు ఎక్కువైనాడా వాడు?

కడప_కుర్రోడు:
ఓహో, ఇద్దరూ ఒకే వీధా!

బురుజు_నీడ:
ఎక్కువైనాడని నేనెప్పుడూ అన్లేదు. మీ మాదిరి కనలేదే అని మా ఆవిడ పోయేదాకా అంటానే ఉండె. వద్దన్నది నేనే. సిద్ధాంతం నాది, ఎదురుచూపు ఆమెది. ఇంతకంటే రాయలేను.

ఎర్రనేల_అక్క:
వద్దన్నది మీరు సార్. ఆపరేషన్ ఎవరికి జరిగింది?

(ఆ తర్వాత రెండు రోజులు ఎవరూ రాయలేదు.)

కడప_కుర్రోడు:
2001 లెక్క 102 కాదు సార్, 102.87 కోట్లు. 103 అనాల. ఇంతమందిలో ఎవురూ సరిచేయలేదే.

ఆదోని_రైతు:
ఎంతయితేనేం, 144 మాత్రం కాలేదు కదప్పా. సార్, రేపు అన్నం వండుకోవద్దండి, పిల్లోడు క్యారేజీ తెస్తాడు.