ఆరో తరగతికి పాపను బొమ్మలు, పాటలు బాగా నేర్పే సర్కారు బడిలో వేయొచ్చా? సలహా కావాలి

మగ్గం_నల్లగొండ:
అందరికీ నమస్తే. మాది నల్లగొండ. మా పాపకు ఐదో తరగతి అయిపోయింది. జూన్ 12న బడులు తెరిచేలోపు ఆరో తరగతికి ఎక్కడ వేయాలో తేల్చుకోవాలి, ఇంట్లో రోజూ ఇదే మాట, నాకు టెన్షన్ ఎక్కువైపోయింది.

నేను ఇంట్లో మగ్గం వర్క్ చేస్తాను. పాప రెండో తరగతి నుంచే నా పక్కన కూర్చుని ట్రేసింగ్ పేపర్ మీద డిజైన్లు గీసేది. ఇప్పుడు నెమలి మెడ వంపు, మామిడి పిందె, తీగలు నేను చెప్పకుండానే గీస్తుంది. గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని గుడ్డతో రుద్ది బ్లౌజు మీదికి డిజైన్ దించేదాకా అంతా తనే. పోయిన నెల పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్ళాం. అందరం గర్భగుడిలో ఆ గుడికి పేరు తెచ్చిన నీడ చూస్తుంటే ఇది మండపంలో ఒక స్తంభం ముందు కూర్చుని గంటన్నర గీసింది, పిలిస్తే లేవలేదు.

మా ఇంటికి దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది. అక్కడ డ్రాయింగ్ సార్‌కు విడిగా ఒక గది ఉంది, పాటలు వచ్చిన తెలుగు టీచరమ్మ ఉంది, శనివారం మధ్యాహ్నం నుంచి బడి మొత్తానికి బొమ్మలు, పాటలు, నాటకం, మట్టి పని. మా వాడలో దాన్ని బొమ్మల బడి అనే అంటారు. రెండోది ప్రైవేటు. ఆరు నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఏడాదికి 60 వేలు, బస్సు, పుస్తకాలు వేరే. డ్రాయింగ్ పీరియడ్ ఉంటుందా అని అడిగితే ఐదు వరకే అన్నారు.

మా ఆయన మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని చేస్తారు. ఆయన ప్రైవేటే అంటున్నారు. "బొమ్మలు ఇంట్లో గీసుకోదా, దాని కోసం బడి ఎంచుకోవాలా" అంటారు. నా దగ్గర దానికి జవాబు లేదు. పాప లెక్కల్లో మరీ వెనక కాదు, ముందూ కాదు. సర్కారు బడిలో వేస్తే ఇంగ్లీషు పోతుందేమో అని నాకూ భయమే. ఇలాంటి నిర్ణయం చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పండి.

డ్రాయింగ్_మాస్టారు_దేవరకొండ:
అమ్మా, నేను డ్రాయింగ్ టీచర్‌గా చాలా ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ముందు మీ ఆయన అడిగినదానికి చెప్తాను, ఎందుకంటే అదే అసలు సంగతి. పదకొండు, పన్నెండు ఏళ్ళు వచ్చేసరికి పిల్లలకు తమ బొమ్మ నిజమైన దానిలా రాలేదని కనిపించడం మొదలవుతుంది. అప్పటిదాకా చెట్టు ఎలా గీసినా సంతోషమే. ఆ తర్వాత చెయ్యి సరిగ్గా రాలేదు, ముఖం వంకరపోయింది అని వాళ్ళకే తెలుస్తుంది, సిగ్గుపడతారు, పుస్తకం మూసేస్తారు. ఎంతో మంచి చెయ్యి ఉన్న పిల్లలు ఏడు, ఎనిమిదిలో గీయడం మానేయడం నా కళ్ళతో చూశాను. ఆ రెండేళ్ళు పక్కన కూర్చుని "నువ్వు చూసింది ఇది, గీసింది ఇది, తేడా ఇక్కడుంది" అని చూపించేవాళ్ళు కావాలి. ఇంట్లో గీసుకోవచ్చు, కానీ ఇంట్లో అది చూపించేదెవరు? మీరు డిజైన్ చూపించగలరు, నిలబడ్డ మనిషిని గీయడం చూపించగలరా?

కానీ బొమ్మల బడి అన్నారు కదా అని వెంటనే చేర్చకండి. వెళ్ళి పిల్లల బొమ్మలు చూడండి. నలభై కాగితాల మీద అదే కొండ, అదే సూర్యుడు, అదే గుడిసె ఉంటే సార్ బోర్డు మీద గీసింది పిల్లలు ఎక్కించుకున్నట్టు. ఒకరు బర్రెను గీసి, ఇంకొకరు బస్టాండు గీసి, కొన్ని బాగా రాకపోయినా ఎవరిది వాళ్ళదిగా ఉంటే ఆ గదిలో చదువు జరుగుతున్నట్టే. పదో తరగతి పిల్లల్ని అడగండి, డ్రాయింగ్ పీరియడ్ లెక్కల సార్‌కు ఇచ్చేస్తున్నారా అని. పిల్లలు అబద్ధం చెప్పరు.

ఇంకో రెండు విషయాలు. ఏడు పాసయ్యాక ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష, తర్వాత హయ్యర్ గ్రేడ్ రాయించండి. సీసీఆర్‌టీ అని కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శిక్షణ సంస్థ ఉంది, వాళ్ళ కల్చరల్ టాలెంట్ స్కాలర్‌షిప్ 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఉంది, ఏడాదికి 3,600 రూపాయలు, నేర్పే గురువుకు కట్టిన ఫీజు 9,000 దాకా తిరిగి ఇస్తారు. చిత్రలేఖనం, హస్తకళలు కూడా అందులో ఉన్నాయి. వాళ్ళ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్ మాదాపూర్‌లో ఉంది. పాపకు వయసు సరిపోతుంది, వదలకండి.

పాలమూరు_తల్లి:
అక్కా, నాది రెండు వైపులా దెబ్బ తిన్న అనుభవం, అందుకే రాస్తున్నా. మా బాబుకు డప్పు, తబలా, ఏది కనిపించినా దాని మీద దరువు వేయడం అలవాటు. ఆరులో ఒక పెద్ద ప్రైవేటు స్కూల్లో వేశాం. పొద్దున ఏడున్నరకు పోతే రాత్రి ఏడు. వారం వారం పరీక్ష, ర్యాంకు మెసేజ్ నా ఫోన్‌కు వచ్చేది, వాడు నా మొహం చూసి ర్యాంకు ఎంతో కనిపెట్టేవాడు. డిసెంబరు వచ్చేసరికి తిండి తగ్గిపోయింది, దరువు ఆగిపోయింది. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఏడుకు తీసేసి సర్కారు బడిలో వేశాం, అక్కడ పాటలు, వాద్యాలు నేర్పే సార్ ఉన్నాడని. ఆ ఏడాది మా బాబు ఎంత సంతోషంగా ఉన్నాడో చెప్పలేను. ఎనిమిదిలో సార్‌కు ట్రాన్స్‌ఫర్. అంతే, ఆ గదికి తాళం పడింది. కొత్తగా ఎవరూ రాలేదు.

అందుకే చెప్తున్నా, బడిని చూసి కాదు, సార్ ఇంకా ఎన్నేళ్ళు ఉంటాడో కనుక్కుని చేర్చండి. మన దగ్గర టీచర్లకు ఒకే చోట 8 ఏళ్ళు నిండితే ట్రాన్స్‌ఫర్ తప్పనిసరి, హెడ్మాస్టర్‌కు 5 ఏళ్ళు. హెడ్మాస్టర్ మారినా శనివారం కథ మారిపోవచ్చు. ఇది ముందే అడగాలని అప్పుడు నాకు తెలియదు.

చలకుర్తి_నవోదయ_పాత_విద్యార్థి:
నేను పెద్దవూర మండలం చలకుర్తి నవోదయలో చదివాను, ఇప్పుడు హైదరాబాద్‌లో బీఎఫ్ఏ, అంటే చిత్రకళ డిగ్రీ చేస్తున్నాను. నవోదయ అంటే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి, అందులో ఆర్ట్‌కు ఒక టీచర్, మ్యూజిక్‌కు ఒక టీచర్ పోస్టులు ఉంటాయి, ఫీజు బాధ లేదు. అక్కా, ఆరో తరగతి పరీక్ష ఈ ఏడాదికి అయిపోయింది, కానీ తొమ్మిదికి లేటరల్ ఎంట్రీ, అంటే మధ్యలో చేరడానికి పరీక్ష ఉంటుంది, ఖాళీలు ఉన్నన్నే సీట్లు. ఎనిమిదిలో ఉన్నప్పుడు రాయించండి. పాలమూరు వైపు వాళ్ళకైతే వట్టెంలో ఉంది.

పాప నాన్నకు ఒక మాట చెప్పండి. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో ఉన్న జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ ఉన్నాయి. వాటికి ఇంటర్ ఏ గ్రూపైనా సరిపోతుంది, ప్రవేశ పరీక్షలో చేత్తో గీయాలి. అంటే ఇప్పుడు బొమ్మల బడిలో వేసినంత మాత్రాన ఇంజనీరింగ్ దారి మూసుకుపోదు, ఫౌండేషన్‌లో వేసినంత మాత్రాన బొమ్మల దారి తెరిచి ఉండదు, ఎందుకంటే ఆరేళ్ళు పెన్సిల్ పట్టని చెయ్యి ఆ పరీక్షలో వణుకుతుంది, మా బ్యాచ్‌లో చూశాను. కానీ లెక్కలు మాత్రం వదలనివ్వకండి. రేపు ఆర్కిటెక్చర్ మీద మనసు పడితే ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాల్సిందే. స్తంభం ముందు గంటన్నర కూర్చుంది అన్నారు కదా, నాకు వెంటనే అదే గుర్తొచ్చింది.

నాగర్‌కర్నూల్_నాన్న:
అందరూ ఒకే వైపు చెప్తున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తా. మా జిల్లా దర్శనం మొగిలయ్యకు 12 మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం వాయించినందుకు 2022లో పద్మశ్రీ వచ్చింది, జిల్లా అంతా గర్వపడ్డాం. 2024లో ఆయన కూలి పని చేస్తున్నాడని పేపర్లలో చదివి నాకు నిద్ర పట్టలేదు. అంతటి కళాకారుడికే అట్లా ఉంటే మన పిల్లల సంగతి ఏంటి అని తండ్రి భయపడటం తప్పు కాదు. మీ ఆయనను తప్పు పట్టకండి. పాపను బొమ్మల బడిలో వేసినా "మా బిడ్డ ఆర్టిస్టు" అని చుట్టాల ముందు అనకండి, పదకొండేళ్ళ పిల్ల, రేపు ఇష్టం మారితే మీ మాట నిలబెట్టడానికి ఇష్టం లేకున్నా గీస్తుంది.

ఇంగ్లీషు గురించి మాత్రం భయపడకండి. 2022-23 నుంచి సర్కారు బడుల్లో కూడా ఇంగ్లీషు మీడియమే, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. మా రెండోవాడు దాంతోనే చదువుతున్నాడు, అర్థం చేసుకుని చదువుతున్నాడు.

మగ్గం_నల్లగొండ:
అందరికీ చాలా థాంక్స్. మాస్టారు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. నాగర్‌కర్నూల్ అన్న మాటలు కూడా వినిపించాను, అవి విన్నాకే ఆయన కొంచెం మెత్తబడ్డారు, తన భయం ఒకరికి అర్థమైందని. నిన్న ముగ్గురం బడికి వెళ్ళాం. సెలవులైనా సార్ గది తెరిచి ఉంది, వేసవి క్యాంపు నడుస్తోంది. బొమ్మలు ఎవరివి వాళ్ళవే. ఒక పిల్లాడు రైస్ మిల్లు లోపల బస్తాలు మోసేవాళ్ళను గీశాడు. మా ఆయన దాని ముందు చాలాసేపు నిలబడ్డారు, బస్తా ఎత్తినప్పుడు మెడ అట్లనే వంగుతుంది అన్నారు, ఇంకేమీ అనలేదు.

పాలమూరు అక్కా, మీరు చెప్పినట్టే సార్‌ను నేరుగా అడిగాను, ఇక్కడ ఎన్నేళ్ళయింది అని. ఐదు నిండాయట. ఇంకా మూడు ఉన్నాయి. అంటే పాపకు ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిదికి చలకుర్తి లేటరల్ రాయిస్తాం, రాకపోతే అప్పుడు ఆలోచిస్తాం. లెక్కలకు సాయంత్రం ట్యూషన్ పెడుతున్నాం, మా ఆయన ఒప్పుకున్న షరతు అదొక్కటే. సోమవారం టీసీ తెచ్చుకుంటాం. మాస్టారూ, ఆ స్కాలర్‌షిప్‌కు పాప ఏ బొమ్మలు పంపాలి, మగ్గం డిజైన్లు పంపొచ్చా లేక ఆ స్తంభమా?

డ్రాయింగ్_మాస్టారు_దేవరకొండ:
ముందు ఫారం తెచ్చుకుని ఏ విభాగంలో పెట్టాలో సార్‌తో కలిసి చూడండి అమ్మా. స్తంభం మాత్రం మళ్ళీ గీయించండి, ఈసారి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నీడ మారుతుంది కదా, అది తను గమనిస్తుందో లేదో చూడండి. మీరు ముందే చెప్పకండి.